అన్నయ్య వేసిన పిటిషన్‌లో పిల్లలు ఉన్నట్టా, లేనట్టా?

“అన్నయ్యా, పిల్లల పేర్లు కూడా పెట్టావు కదా?”

“పెట్టానమ్మా. ఇద్దరివీ పెట్టాను. నువ్వేం టెన్షన్ పడకు.”

2006 మే నెలలో తెనాలికీ డాలస్‌కీ మధ్య ఇలాంటి ఫోన్ ఒకటి నడిచిందనుకుందాం. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ఫోన్ మోగని ఊరు తక్కువే. అమెరికా పౌరసత్వం వచ్చిన అన్న, ఇక్కడున్న చెల్లెలి కోసం ఐ-130 అనే ఫారం నింపి పంపుతాడు. అందులో చెల్లెలి భర్త, పిల్లల వివరాలు రాసే చోటు ఉంటుంది. రాస్తాడు. కొన్నాళ్ళు అందరూ ‘ఎంతవరకు వచ్చింది’ అని అడుగుతారు. తర్వాత అడగడం మానేస్తారు. పంతొమ్మిదేళ్ళు గడిచాక ఒక రోజు మెయిల్ వస్తుంది, మీ వంతు దగ్గర పడింది అని. అప్పుడు నాలుగేళ్ళున్న పాప ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. చంకలో ఉన్న బాబు బీటెక్ మూడో ఏడు.

పేర్లు అప్పుడే పెట్టాం కదా, ఇద్దరికీ వచ్చేస్తుందిలే అని తల్లిదండ్రులు అనుకుంటారు. చిక్కంతా ఇక్కడే. పిల్లలు ‘ఇన్‌క్లూడ్’ అవడం అనేది ఆ ఫారం నింపిన రోజున తేలే సంగతి కాదు. 2006లో పిటిషన్ వేశాక 2009లో ఇంకో బిడ్డ పుట్టిందనుకోండి, ఆ ఫారంలో పేరు లేకపోయినా తల్లితో పాటు ఆ బిడ్డకీ వీసా వస్తుంది. ఫారంలో పేరు శుభ్రంగా ఉన్న పెద్దమ్మాయికి మాత్రం రాకపోవచ్చు. పేరు రాయవద్దని కాదు. రాయకపోతే తర్వాత ‘ఈ పిల్ల ఎవరు, అప్పుడెందుకు చెప్పలేదు’ అనే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి, అనుమానం పెరిగితే డీఎన్‌ఏ పరీక్ష దాకా వెళ్తుంది. కానీ రాసిన పేరు మీ పిల్లల సీటు మీద వేసిన తువ్వాలు కాదు.

ఏది నిర్ణయిస్తుంది మరి? పిటిషన్ ఏ కేటగిరీలో ఉంది, ఒకానొక నెల ఒకటో తారీఖున పిల్లల వయసు ఎంత, ఆ తర్వాతి సంవత్సరంలో మీరేం చేశారు, ఇంతలో పెళ్ళి జరిగిందా. నేను లాయర్ని కాను. బంధువుల కాగితాలు చూసి చూసి అలవాటైన మనిషిని. అందుకని సెక్షన్ల నెంబర్లు పక్కనపెట్టి చెబుతాను.

అమ్మ కొంగు ఎవరికి దొరుకుతుంది

అన్న పిటిషన్ వేసింది చెల్లెలి పేరు మీద. చట్టం దృష్టిలో అసలు దరఖాస్తుదారు ఆమె ఒక్కతే. మేనకోడలికీ మేనల్లుడికీ పిటిషన్ వేసే హక్కు మేనమామకు లేదు. వాళ్ళు తల్లి కొంగు పట్టుకుని వచ్చేవాళ్ళు. వీళ్ళనే డెరివేటివ్‌లు అంటారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ కోసం వేసే ఎఫ్4లో ఈ కొంగు సౌకర్యం ఉంది. పౌరుల పెళ్ళయిన పిల్లల కోసం వేసే ఎఫ్3లోనూ, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు భార్యకో భర్తకో వేసే ఎఫ్2ఏలోనూ ఉంది.

కానీ అన్నిటికన్నా వేగంగా కదిలే కేటగిరీలో మాత్రం లేదు. అమెరికా పౌరుడు తన భార్యకో, భర్తకో, తల్లిదండ్రులకో పిటిషన్ వేస్తే దానికి ఏడాదికి ఇన్నే వీసాలని పరిమితి ఉండదు, క్యూ ఉండదు. ఆ సుఖానికి మూల్యం ఏమిటంటే, ఒక మనిషికి ఒక పిటిషన్. వెంట ఎవరూ రారు. పెద్దకొడుకు పౌరసత్వం తెచ్చుకుని అమ్మకు పిటిషన్ వేస్తాడు. ఇంట్లో ఇంకా పదిహేనేళ్ళ చెల్లెలుంటే, అమ్మకి ఏడాదో రెండేళ్ళో పట్టి వీసా వస్తుంది, ఆ పిల్లకు రాదు. పిల్లను ఎవరి దగ్గర వదలాలి అన్న ప్రశ్న ముంబయి ఇంటర్వ్యూకి రైలెక్కే ముందు పుట్టకూడదు. పిటిషన్ వేసే ముందే పుట్టాలి.

ఇంకో మలుపుంది. నన్నడిగితే తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గ్రీన్ కార్డ్ ఉన్న భర్త, ఇండియాలో ఉన్న భార్యకు ఎఫ్2ఏ పిటిషన్ వేస్తాడు. బిడ్డ డెరివేటివ్‌గా ఉంటుంది కదా అని విడిగా వేయడు, ఒక ఫీజు మిగులుతుంది. నడుమ ఆయనకు సిటిజన్‌షిప్ వస్తుంది. అందరూ స్వీట్లు పంచుకుంటారు. భార్య పిటిషన్ ఆ రోజే క్యూ లేని కేటగిరీలోకి మారిపోతుంది, మంచిదే. కానీ ఆ కేటగిరీలో కొంగు లేదని చెప్పుకున్నాం. బిడ్డకు అప్పటిదాకా ఉన్న హక్కు ఆ రోజుతో పోతుంది. తండ్రి ఇప్పుడు బిడ్డ పేరున కొత్తగా ఐ-130 వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద పంపితే 675. ఎంతమంది పిల్లలుంటే అన్ని పిటిషన్లు. డబ్బుకన్నా పెద్ద నష్టం, తల్లి ఫైలు ముంబయి చేరేసరికి బిడ్డ ఫైలు ఇంకా మొదటి బల్ల మీదే ఉంటుంది. భార్యాబిడ్డలకు పిటిషన్ వేసే గ్రీన్ కార్డ్ వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: మొదట్లోనే బిడ్డకూ విడిగా వేసేయండి. ఇలా విడిగా వేసి ఉంటే ఇంకో లాభం, తండ్రికి పౌరసత్వం వచ్చిన రోజు బిడ్డ వయసు 21 లోపుంటే ఆ వయసు అక్కడే ఆగిపోతుంది. పౌరుడైన తండ్రి నేరుగా వేస్తే, వేసిన రోజు వయసు ఆగుతుంది. తర్వాత కాగితాలకు రెండేళ్ళు పట్టినా భయం లేదు.

రెండో పెళ్ళిళ్ళ సంగతి కూడా చెప్పాలి. భార్యకు మొదటి పెళ్ళి వల్ల కలిగిన బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు 18 నిండక ముందే ఈ పెళ్ళి జరిగి ఉంటే, సవతి తండ్రి ఆ బిడ్డకు సొంత బిడ్డకు వేసినట్టే పిటిషన్ వేయవచ్చు. 18 దాటాక పెళ్ళి జరిగితే వేయలేడు. దత్తత అయితే 16 నిండక ముందు జరగాలి, రెండేళ్ళు కలిసి ఉండాలి, పైగా మన దేశం నుంచి దత్తతకు అంతర్జాతీయ ఒప్పందం నిబంధనలు వేరే ఉన్నాయి. మేనల్లుణ్ణి దత్తత తీసుకుని తెచ్చేసుకుందాం అని పండక్కి ఒకసారి ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ దారి అనుకున్నంత దగ్గర కాదు.

ఇరవై ఒకటి: క్యాలెండర్ చెప్పేది, చట్టం చెప్పేది

పెళ్ళికాని, 21 నిండని వాళ్ళే ఈ చట్టంలో ‘చైల్డ్’. 21 నిండిన రోజున ఆ పదం చెల్లదు. ఇంగ్లిష్‌లో దీన్నే ‘ఏజ్ అవుట్’ అయ్యారంటారు, మన వాళ్ళూ అదే మాట వాడతారు.

ఎఫ్4 క్యూ చూస్తే ఇది ఎంత తరచుగా జరుగుతుందో ఊహించవచ్చు. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 ఎఫ్4 వీసాలు. చెల్లెలు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు అంటే ఒక పిటిషన్ కాదు, నాలుగు వీసాలు, ఆ నాలుగూ ఈ 65,000 లోంచే పోతాయి. దాని మీద ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి. 2025లో ఇండియా ఎఫ్4 క్యూ 2006 నాటి తేదీల దగ్గర నడిచింది. పెళ్ళయిన కొత్తలో వేయించుకున్నా, తొలి సంతానం ఎదిగి చేతికి అందివచ్చేదాకా పట్టే కాలం అది.

ఈ అన్యాయాన్ని కొంతైనా సర్దడానికి 2002 ఆగస్టు 6న చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది. మన వాళ్ళు సీఎస్‌పీఏ అంటారు. దాని లెక్క ఇది. మీ ప్రయారిటీ డేట్, అంటే అన్న పిటిషన్ వాళ్ళకు అందిన తేదీ, ఏ నెల వీసా బులెటిన్‌లో (అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే క్యూ తేదీల పట్టికలో) కరెంట్ అయిందో, అంటే ఆ తేదీ దాకా వంతు వచ్చిందో చూడండి. ఆ నెల ఒకటో తారీఖున పిల్లల వయసు ఎంతో రాయండి. అందులోంచి, పిటిషన్ వేసిన రోజు నుంచి అది అప్రూవ్ అయిన రోజు వరకు ఎన్ని రోజులు పట్టిందో అన్ని రోజులు తీసేయండి. మిగిలింది 21 లోపుంటే చట్టం దృష్టిలో ఆ అమ్మాయి ఇంకా చైల్డే.

మన తెనాలి ఇంటి లెక్క వేద్దాం. పిటిషన్ 2006 మే 10న అందింది. 2009 నవంబర్ 10న అప్రూవ్ అయింది. అంటే 1,280 రోజులు, మూడున్నరేళ్ళు. తేదీ 2025 జూలై 1న కరెంట్ అయిందనుకుందాం. పెద్దమ్మాయి 2001 ఆగస్టు 15న పుట్టింది. జూలై 1 నాటికి ఆమె వయసు 23 ఏళ్ళ పది నెలల 16 రోజులు. మూడున్నరేళ్ళు తీసేస్తే 20 ఏళ్ళ నాలుగు నెలల 16 రోజులు. గట్టెక్కింది. తమ్ముడు 2005 ఫిబ్రవరిలో పుట్టాడు, తీసివేతలు లేకుండానే 21 లోపున్నాడు. ఇంటర్వ్యూ 2026 ఫిబ్రవరి తర్వాత జరిగితే అప్పటికి వాడికి 21 నిండుతుంది కదా అని కంగారు అక్కర్లేదు, చూసేది జూలై 1 నాటి వయసే.

ఇప్పుడు అదే పిటిషన్, అదే రోజు వేసింది, ఐదు నెలల్లో అప్రూవ్ అయిపోయిందనుకోండి. 2006 అక్టోబర్ 10. తీసేయడానికి ఐదు నెలలే ఉన్నాయి. పెద్దమ్మాయి వయసు 23 ఏళ్ళ ఐదు నెలలు. ఆమెకు లేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, అప్పట్లో ‘మాది ఐదు నెలల్లో అప్రూవ్ అయిపోయింది’ అని సంబరపడ్డవాళ్ళు నష్టపోతారు, ‘మాది మూడేళ్ళయినా తేల్చట్లేదు’ అని తిట్టుకున్నవాళ్ళు బాగుపడతారు. క్యూ ఎలాగూ పంతొమ్మిదేళ్ళది కాబట్టి త్వరగా అప్రూవ్ అయినందువల్ల వీసా ఒక్కరోజు కూడా ముందు రాదు. ఆఫీసువాళ్ళ ఆలస్యానికి పిల్లలు బలి కాకూడదని చట్టం రోజులు వెనక్కిచ్చింది. క్యూలో నిలబెట్టిన ఆలస్యానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. అసలు ఆలస్యం అదే. ఈ తేడాకి ఏ న్యాయం ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ లెక్కకు కావాల్సిన రెండు తేదీలూ ఐ-797 అనే నోటీసుల్లో ఉంటాయి, అందినప్పుడు ఒకటి, అప్రూవ్ అయినప్పుడు ఒకటి. అవి అన్న దగ్గరుంటాయి. రెండు ఇళ్ళు మారాక గరాజ్‌లో ఏ అట్టపెట్టెలో ఉన్నాయో ఆయనకే తెలియదు. వీసా వంతు వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారం ఫోన్లో ఆయన్ని వెతకమనండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి.

రెండో సగం పుట్టిన తేదీ. మన దగ్గర ఇది మామూలు చిక్కు కాదు. జూన్‌లో బడి తెరిచేనాటికి ఐదేళ్ళు నిండాలని ఆగస్టులో పుట్టిన పిల్లకి జూన్ 10 అని రాయించిన తండ్రులు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ జూన్ 10 పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి పాకుతుంది. మున్సిపాలిటీ రికార్డులో ఆగస్టు 15 ఉంటుంది. మామూలుగా రెండు నెలల తేడా ఎవరికీ పట్టదు. ఇక్కడ రోజుల్లో లెక్క. పిల్ల రెండు నెలలు ‘పెద్దదైపోయినందుకు’ వీసా పోయే ఇళ్ళుంటాయి. జనన నమోదు సర్టిఫికెట్ తెచ్చి, పాస్‌పోర్టులో తేదీ సరిచేయించడానికి నెలలు పడుతుంది. వీసా వంతు రాకముందే మొదలుపెట్టాల్సిన పని ఇది. నమోదే జరగని వాళ్ళు మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో రికార్డు లేదనే సర్టిఫికెట్ తీసుకుని, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి.

అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూసే హెచ్-1బీ కుటుంబాల పిల్లలకూ ఇదే లెక్క. వాళ్ళ విషయంలో ఒక మెలిక వచ్చిపడింది. బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి, దరఖాస్తు వేసుకునే తేదీలు ఒకటి, వీసా చేతికిచ్చే తేదీలు ఒకటి. మొదటిది కొంచెం ముందుంటుంది. 2023 ఫిబ్రవరి నుంచి అమెరికా లోపల వేసేవాళ్ళకు మొదటి పట్టికతో వయసు ఆపుకునే వీలుండేది. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు ఆ వీలు తీసేశారు, మళ్ళీ రెండో పట్టికే. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకు ముందు నుంచీ రెండోదే కొలత.

కరెంట్ అయిన తర్వాతి సంవత్సరం

లెక్కలో గట్టెక్కాక కూడా ఓడిపోయే మార్గం ఒకటుంది, అది ఊరుకోవడం. తేదీ కరెంట్ అయిన రోజు నుంచి ఏడాదిలోపు పిల్లల తరఫున వీసా అడగాలి. అంటే మన తెనాలి వాళ్ళు 2026 జూన్ నెలాఖరులోపు పెద్దమ్మాయి పేరు మీద డీఎస్-260 దరఖాస్తు సబ్మిట్ చేసి, ఆమె ఫీజు 325 డాలర్లు కట్టేసి ఉండాలి. తల్లి దరఖాస్తు వేస్తే పిల్లలది వేసినట్టు కాదు. మనిషికొక డీఎస్-260, మనిషికొక ఫీజు.

ఇది తప్పిపోవడానికి పెద్ద కారణాలు ఉండవు. కేసు నడిపించే నేషనల్ వీసా సెంటర్ 2006 నాటి చిరునామాకో, ఎవరూ తెరవని ఈమెయిల్‌కో నోటీసు పంపుతుంది. లేదా వాళ్ళ రికార్డులో పెద్దమ్మాయికి 23 ఏళ్ళని చూపించి ఆమె పేరు పక్కనపెట్టేస్తారు. తల్లిదండ్రులు ‘అయ్యో, దాని పేరు రాలేదు, దానికి లేదన్నమాట’ అనుకుని ఊరుకుంటారు. కంప్యూటర్ చూసేది క్యాలెండర్ వయసు. రోజులు తీసేసే లెక్క మీరే వేసి, రెండు నోటీసుల కాపీలు జతచేసి, పేరు చేర్చమని రాతపూర్వకంగా అడగాలి. చివరి మాట ఇంటర్వ్యూ చేసే ఆఫీసరుది. అడగనివాళ్ళ లెక్క ఎవరూ వేయరు.

బీటెక్ మూడో ఏడు చదివే కొడుకు సంగతి ఇక్కడే వస్తుంది. ‘డిగ్రీ పూర్తయ్యాక వాడికి వేద్దాంలే’ అంటారు. దరఖాస్తు వాయిదా వేయడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. దరఖాస్తు వేసేయాలి, వీసా వస్తే తల్లితో పాటో ఆమె తర్వాతో ఒకసారి వెళ్ళి దిగాలి. తల్లికన్నా ముందు వెళ్ళడానికి వీల్లేదు. మామూలుగా వీసా గడువు ఆరు నెలలు, మెడికల్ గడువును బట్టి ఇంకా తగ్గవచ్చు. దిగి గ్రీన్ కార్డ్ అందుకున్నాక చదువు కోసం వెనక్కి రావచ్చు. ఏడాది దాటి ఉండాల్సి వస్తే అక్కడున్నప్పుడే రీఎంట్రీ పర్మిట్‌కి అప్లై చేసుకుంటే రెండేళ్ళ వరకు ఇబ్బంది లేదు. టికెట్ల ఖర్చు నొప్పే. కానీ ఆ ఖర్చు భరించలేక ఆగినవాళ్ళు తర్వాత పెట్టిన ఖర్చు ముందు అది చాలా చిన్నది.

పిల్లల్లో ఎవరైనా ఇప్పుడు రాకపోయినా సరే, డీఎస్-260లో అందరి పేర్లూ రాయాలి. విడాకుల తర్వాత తండ్రి దగ్గర పెరుగుతున్న బిడ్డ పేరు కూడా. వెంట రావడం వేరు, ఉన్నట్టు చెప్పడం వేరు.

మధ్యలో అన్న గురించి ఒక మాట. పిటిషన్ వేసినప్పుడు ఆయన నలభై ఐదేళ్ళ ఇంజనీరు, ఇప్పుడు రిటైర్ అయిన మనిషి. వచ్చేవాళ్ళని పోషించగలనని ఆయనే ఐ-864 మీద సంతకం పెట్టాలి. ఆయన ఇంట్లో నలుగురు, చెల్లెలి ఇంట్లో నలుగురు, మొత్తం ఎనిమిదిమంది. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్క ప్రకారం, అలాస్కా, హవాయి తప్పించి, ఏడాదికి 67,687 డాలర్లు. పెన్షన్ చాలకపోతే ఇంకో పౌరుడో, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళో జాయింట్ స్పాన్సర్‌గా నిలబడాలి, బంధువే కానక్కర్లేదు. చాలా ఇళ్ళలో ఇది ఆయన కొడుకు మీద పడుతుంది. మేనత్తను చిన్నప్పుడు సెలవుల్లో రెండుసార్లు చూసిన కుర్రవాడు, ఆమె ఇంటిల్లిపాదికీ జవాబుదారీగా సంతకం పెట్టాలి. ఆ మాట అతన్ని అడిగేదెవరు అన్నది కాగితాల్లో తేలే విషయం కాదు, కానీ ముందే అడగాలి.

సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టొచ్చా?

పెద్దమ్మాయి చట్టం లెక్కలో 20 ఏళ్ళది, ఇంటి లెక్కలో పెళ్ళీడుది. ఈ రెండు లెక్కలూ ఢీకొట్టే చోటే ఇళ్ళలో కన్నీళ్ళు పెట్టుకుంటారు. పెళ్ళయిన మరుక్షణం ఆమె డెరివేటివ్ కాదు. వీసా స్టాంప్ పడ్డాక పెళ్ళి చేసుకుని విమానం ఎక్కినా అంతే. అమెరికాలో దిగి గ్రీన్ కార్డ్ హోదాలో అడుగుపెట్టే క్షణం దాకా అవివాహితగా ఉండాలి. దిగిన మర్నాడు చేసుకుంటే అభ్యంతరం లేదు.

నిశ్చితార్థం పెళ్ళి కాదు, తాంబూలాలు మార్చుకోవచ్చు. కానీ ‘రిజిస్టర్ చేయించకుండా గుళ్ళో చేసేద్దాం, వీసా వచ్చాక రిజిస్టర్ చేయిద్దాం’ అనే సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళ మాట వినొద్దు. హిందూ వివాహ చట్టం ప్రకారం శాస్త్రోక్తంగా జరిగితే అది పెళ్ళే, రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. ఇంటర్వ్యూలో పెళ్ళి కాలేదని చెబితే అబద్ధం చెప్పి వీసా అడిగినట్టు. బయటపడితే ఈ వీసా ఒక్కటే పోదు, జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోయేంత పెద్ద నేరం కింద వస్తుంది. ఇప్పటి పెళ్ళిళ్ళు రిజిస్టర్ ఆఫీసులో లేకపోయినా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాయి.

అటువైపు వరుడు అమెరికాలో ఉంటే ఇంకో ఒత్తిడి వస్తుంది. తన వీసా మీద ఆమెను తీసుకెళ్ళడానికి ముందే రిజిస్టర్ మ్యారేజ్ చేయిద్దామని వాళ్ళు అడుగుతారు. ఆ ఒక్క సంతకంతో పంతొమ్మిదేళ్ళ క్యూ పోతుంది, ఆమె హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే వీసా) మీద వెళ్ళి, గ్రీన్ కార్డ్ కోసం వరుడి క్యూలో నిలబడుతుంది. తెలిసి చేసుకుంటే వాళ్ళిష్టం. తెలియక చేసుకున్నవాళ్ళే ఎక్కువ.

లెక్కలో ఓడిపోతే

ఐదు నెలల్లో అప్రూవ్ అయిన ఇంటికి వద్దాం. తల్లికి, తండ్రికి, తమ్ముడికి వీసాలు వస్తాయి. అక్కకు రాదు. ఆమె పంతొమ్మిదేళ్ళ నిరీక్షణకు కనీసం కొత్త క్యూలో పాత తేదీ అయినా ఇవ్వకూడదా అని అమెరికాలో చాలా కుటుంబాలు కోర్టుకెళ్ళాయి. ఒక ఎల్ సాల్వడార్ తల్లి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆమె కోసం పిటిషన్ వేసినప్పుడు కొడుకు పదమూడేళ్ళవాడు. వాడికి 21 నిండిన కొద్ది నెలలకే 2005లో వాళ్ళ వంతు వచ్చింది. స్కియాలాబా వర్సెస్ క్వేయార్ దె ఒసోరియో అనే ఈ కేసులో 2014 జూన్‌లో తీర్పు వచ్చింది. మేనమామో, అమ్మమ్మో వేసిన పిటిషన్ వెంట వచ్చే పిల్లలకు పాత తేదీ దక్కదని తేల్చారు. గ్రీన్ కార్డ్ ఉన్న తల్లో తండ్రో వేసిన ఎఫ్2ఏ పిల్లలకు మాత్రం వయసు దాటినా ఆ పిటిషన్ దానంతటదే ఎఫ్2బీ (గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళ 21 నిండిన, పెళ్ళికాని పిల్లల కేటగిరీ) అవుతుంది, పాత తేదీ నిలుస్తుంది. ఒకే వయసు, ఒకే నిరీక్షణ, పిటిషన్ వేసిన మనిషితో ఉన్న వరస మారితే ఫలితం మారుతుంది.

అందువల్ల తెనాలి తల్లి అమెరికాలో దిగి గ్రీన్ కార్డ్ అందుకున్నాక చేయగలిగింది ఒకటే. కూతురి కోసం కొత్తగా ఎఫ్2బీ పిటిషన్ వేయాలి, కొత్త తేదీతో. 2025లో ఆ క్యూ 2016 నాటి తేదీల దగ్గర నడిచింది, అంటే తొమ్మిదేళ్ళ వెనక. ఆ తొమ్మిదేళ్ళూ అమ్మాయి పెళ్ళి చేసుకోకుండా ఉండాలి, ఎందుకంటే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళ పెళ్ళయిన పిల్లలకు ఏ కేటగిరీ లేదు. చేసుకుంటే పిటిషన్ ఆ రోజుతో రద్దు. తల్లికి ఐదేళ్ళకు పౌరసత్వం వచ్చి, పెళ్ళి ఆ తర్వాత జరిగితే మాత్రం రద్దవదు, ఎఫ్3లోకి మారుతుంది. 2025లో ఇండియా ఎఫ్3 క్యూ 2010, 2011 నాటి తేదీల దగ్గర నడిచింది. అందులో అల్లుడికీ మనవలకూ కొంగు సౌకర్యం ఉంటుంది. ఆ మనవల 21 లెక్క అక్కడి నుంచి మొదలు.